బీఆర్ఎస్ నాయకత్వం మళ్ళీ పాలించడానికి సిద్ధంగా ఉందా?

మంజీరతీరం:

జూబ్లీహిల్స్ ఉపఎన్నికలో ఓడిన నాటినుంచి బీఆర్ఎస్ పని అయిపోయిందని ఒక వర్గమూ, వచ్చే శాసనసభ ఎన్నికల్లో తిరిగి అధికారం ఖాయమని మరో వర్గమూ వాదించుకుంటూనే ఉన్నాయి. నేను అడగదలచింది ఆ రెండింటిలో ఏదీ కాదు. గెలుపోటములు ఓటర్ల చేతిలో ఉంటాయి. 2023లో కాంగ్రెస్‌కూ బీఆర్ఎస్‌కూ మధ్య ఓట్లలో తేడా రెండు శాతమే కాబట్టి గాలి మళ్ళడం అసాధ్యమేమీ కాదు. ఒకవేళ రేపే అధికారం చేతికి వస్తే దాన్ని మోయడానికి ఆ పార్టీ నాయకత్వం సిద్ధంగా ఉన్నదని చెప్పడానికి మనకు కనిపిస్తున్న ఆనవాళ్ళేమిటన్నదే నా ప్రశ్న.

నా కంటికి మొదట ఆనేది శాసనసభలో ప్రతిపక్ష నాయకుడి కుర్చీ. 119 మంది సభ్యుల సభకు 39 మందితో వెళ్ళిన పార్టీకి ప్రధాన ప్రతిపక్ష హోదా వచ్చింది, ఆ హోదా కేసీఆర్‌కు దక్కింది. తుంటి ఎముకకు శస్త్రచికిత్స జరిగినందువల్ల ఆయన 2024 ఫిబ్రవరి 1న గానీ ఎమ్మెల్యేగా ప్రమాణం చేయలేకపోయారు, దాన్ని ఎవరూ తప్పు పట్టరు. ఆ తర్వాత 2024 జులైలో బడ్జెట్ పెట్టిన రోజు వచ్చారు, 2025 మార్చిలో గవర్నర్ ప్రసంగం రోజు వచ్చారు. కాళేశ్వరం ఎత్తిపోతల ప్రాజెక్టుపై జస్టిస్ పీసీ ఘోష్ కమిషన్ ఇచ్చిన నివేదికను 2025 ఆగస్టు 31న సభలో పెట్టి రాత్రి బాగా పొద్దుపోయేదాకా చర్చించినప్పుడు మాత్రం రాలేదు. తన పేరుతోనే ముడిపడిన ప్రాజెక్టు మీద తన వాదనను సభ దస్తావేజులోకి ఎక్కించుకునే అవకాశాన్ని ఒక మాజీ ముఖ్యమంత్రి ఎందుకు వదులుకున్నారో నాకు అర్థం కాదు. ఎల్కతుర్తిలో 2025 ఏప్రిల్ 27న జరిగిన రజతోత్సవ సభలో ఆయన మాట్లాడగలిగారు కదా. బహిరంగ సభలో అడ్డు ప్రశ్న వేసేవారుండరు, శాసనసభలో ఉంటారు. పాలనకు సిద్ధంగా ఉండటమంటే ఆ ప్రశ్నకు సిద్ధంగా ఉండటమేనని నేననుకుంటాను.

సభ్యులు కాంగ్రెస్ పాలన బాగుందా లేదా అన్న దారిలోకి వెళ్ళకుండా ఈ ఒక్క విషయం మీదే మాట్లాడాలని మనవి.

సింగరేణి_వెలుగు:

మంజీరతీరం గారి ప్రశ్న మర్యాదగానే ఉంది గానీ, పదేళ్ళు ప్రభుత్వం నడిపి పది బడ్జెట్లు పెట్టిన పార్టీని పట్టుకుని పాలించడం వచ్చా అని అడగడం నాకు కొంత విడ్డూరంగా అనిపిస్తుంది. రాష్ట్రం ఏర్పడ్డప్పుడు తెలంగాణ చీకటైపోతుందని హెచ్చరించినవాళ్ళు ఉన్నారు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు ఇచ్చిన ప్రభుత్వం అదే రాష్ట్రంలో ఏర్పడింది. ఎకరానికి పంటకు 4,000 రూపాయలతో 2018లో మొదలై తర్వాత 5,000కు పెరిగిన రైతుబంధు, ఇంటింటికీ నల్లా నీళ్ళిచ్చిన మిషన్ భగీరథ, పూడిక తీసిన చెరువులు, గురుకుల పాఠశాలలు మాటలతో వచ్చినవి కావు. పరిశ్రమల అనుమతుల కోసం 2014లోనే టీఎస్ ఐపాస్ చట్టం తెచ్చారు. 2013-14లో 57,258 కోట్ల రూపాయలుగా ఉన్న ఐటీ ఎగుమతులు 2022-23 నాటికి 2,41,275 కోట్లకు చేరాయి. వీటన్నింటినీ దగ్గరుండి నడిపించిన కేటీఆర్, హరీశ్‌రావు ఇద్దరూ ఇవాళ సభలోనే ఉన్నారు.

ఇక ఖాళీ కుర్చీ మాట. మీరు చెప్పిన ఆ ఆగస్టు రాత్రి పార్టీ తరఫున హరీశ్‌రావు లేచి నిలబడ్డారు. 2014 నుంచి 2018 వరకు నీటిపారుదల మంత్రిగా ఉన్నది ఆయనే కాబట్టి అడిగినదానికి సమాధానం చెప్పగలిగే మనిషే అక్కడ ఉన్నారు. మండలిలో మధుసూదనాచారి ప్రతిపక్ష నాయకుడిగా ఉన్నారు. ఒక్క వ్యక్తి హాజరుపట్టీ చూసి పార్టీ సన్నద్ధతను కొలవడం సరైన కొలత కాదు.

కాకతీయ_తోరణం:

సింగరేణి_వెలుగు గారు చెప్పిన విజయాల్లో చాలావాటిని నేను కూడా ఒప్పుకుంటాను. అయితే ఈ పార్టీ విషయంలో అసలు చిక్కు అనుభవంలోనే ఉంది. అధికారం ఎరగని పార్టీని అంచనా వేయాలంటే దాని మాటలు తప్ప మనకు ఆధారం ఉండదు. పదేళ్ళు పాలించిన పార్టీని అంచనా వేసేటప్పుడు ఆ పదేళ్ళలో జరిగినదాని గురించి అది ఇప్పుడు ఏమనుకుంటున్నదో చూడాలి. బీఆర్ఎస్ విషయంలో ఆ అద్దం కాళేశ్వరం.

ప్రాణహిత మీద తుమ్మిడిహట్టి దగ్గర అనుకున్న బ్యారేజీని కాదని, మహారాష్ట్రతో 2016 ఆగస్టులో ఒప్పందం చేసుకుని, గోదావరి మీద మేడిగడ్డ, అన్నారం, సుందిళ్ళ బ్యారేజీలు కట్టి, 2019 జూన్ 21న ప్రారంభించారు. 2023 అక్టోబరు 21న, అంటే ఎన్నికలకు కొద్ది వారాల ముందు, మేడిగడ్డ ఏడో బ్లాకులో పియర్లు (బ్యారేజీ స్తంభాలు) కుంగాయి. జాతీయ డ్యామ్ భద్రతా సంస్థ ప్రణాళికలోనూ, డిజైన్‌లోనూ, నాణ్యత నియంత్రణలోనూ, నిర్వహణలోనూ లోపాలున్నాయని చెప్పింది. మొదట 81,911 కోట్ల రూపాయల అంచనాతో మొదలైన ప్రాజెక్టు వ్యయం 1.47 లక్షల కోట్లు దాటవచ్చునని ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ తన నివేదికలో లెక్కగట్టింది.

దీనికి పార్టీ చెబుతూ వచ్చిన సమాధానం ఒక్కటే: మేడిగడ్డ ఒక్కటే కాళేశ్వరం కాదు, ఒక బ్లాకులో రెండు మూడు పియర్లు కుంగినంత మాత్రాన లక్షల ఎకరాల ప్రాజెక్టును పాడుబెట్టడం రాజకీయ కక్ష, మరమ్మతు చేసి నీళ్ళెత్తండి. ఇంజినీరింగ్ దృష్టితో చూస్తే ఈ మాటలో కొంత నిజం ఉండవచ్చు. మల్లన్నసాగర్, కొండపోచమ్మసాగర్ వంటి జలాశయాలు, సొరంగాలు, పంపుహౌసులు అలాగే నిలిచి ఉన్నాయి. కాని నేను ఎదురుచూస్తున్న సమాధానం అది కాదు. బ్యారేజీ స్థలం ఎవరు తేల్చారు, మంత్రివర్గం ముందుకు ఏ కాగితాలు ఏ క్రమంలో వచ్చాయి, ప్రారంభం తర్వాత వచ్చిన తొలి వరదలకే దిగువన కాంక్రీటు దిమ్మెలు కొట్టుకుపోయినప్పుడు ఎవరు ఎవరికి రాశారు, ఆ రాసినదాన్ని ఎవరు చదవలేదు అన్నవి వాళ్ళకే తెలిసిన సంగతులు. కమిషన్ ముందు ఈటల రాజేందర్, హరీశ్‌రావు, కేసీఆర్ ముగ్గురూ 2025 జూన్‌లో హాజరయ్యారు. నివేదికను సవాలు చేస్తూ కేసీఆర్, హరీశ్‌రావు హైకోర్టుకు వెళ్ళారు. ప్రభుత్వం వ్యవహారాన్ని సీబీఐకి అప్పగించింది. నేరం ఉన్నదా లేదా అన్నది న్యాయస్థానాలు తేలుస్తాయి. నేర నిర్ణయానికీ పాలనా సమీక్షకూ సంబంధం లేదు. మళ్ళీ అధికారమిస్తే ఇంత పెద్ద నిర్మాణాన్ని ఇంత వేగంగా, ఇంత తక్కువ మంది చర్చతో మళ్ళీ చేపట్టరని నమ్మడానికి ఆ పార్టీ మనకు ఏం చూపించింది?

సింగరేణి_వెలుగు:

సీబీఐ దర్యాప్తు నెత్తిమీద ఉన్న మనిషి బహిరంగంగా ఆత్మవిమర్శ చేసుకోవాలని కోరడం న్యాయమేనా? ఆయన ఏ మాట అన్నా అది రేపు కోర్టులో సాక్ష్యంగా మారుతుంది. అధికార పక్షం ఒక పక్క కేసులు పెడుతూ మరో పక్క తప్పు ఒప్పుకోమనడం తూకంలేని షరతు. ఫార్ములా ఈ కారు పందేలకు ప్రభుత్వ సొమ్ము చెల్లించారన్న కేసులో కేటీఆర్ పరిస్థితి కూడా ఇంతే.

కాకతీయ_తోరణం:

న్యాయమైన ఆక్షేపణే. అయితే ఆ షరతు భూరికార్డుల కోసం తెచ్చిన ధరణికి వర్తించదు కదా. 2020లో వీఆర్వో (గ్రామ రెవెన్యూ అధికారి) వ్యవస్థను రద్దు చేసి, అదే ఏడాది అక్టోబరు 29న ధరణి పోర్టల్ తెచ్చారు. రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకే రోజు ఒకేచోట జరగడం నిజంగానే మేలు. కాని పొరపాటున నిషేధిత జాబితాలో పడ్డ సర్వే నంబరును, తగ్గిపోయిన విస్తీర్ణాన్ని సరిదిద్దే అధికారం తహసీల్దారుకు లేకుండా చేసి, ప్రతి చిన్న దిద్దుబాటునూ కలెక్టరు దాకానో, సివిల్ కోర్టు దాకానో తీసుకుపోయారు. ఊళ్ళో భూమి హద్దులు తెలిసిన ఉద్యోగి లేడు, పోర్టల్‌లో అప్పీలు లేదు. 2023లో ఊళ్ళలో పార్టీకి తగిలిన దెబ్బల్లో ఇదొకటని వాళ్ళ నాయకులే లోలోపల అనుకున్నారని వినికిడి. కాంగ్రెస్ ధరణి స్థానంలో భూభారతి చట్టం తెచ్చి 2025 ఏప్రిల్ 14న దాన్ని అమల్లో పెట్టింది, తర్వాత గ్రామ పాలనాధికారులను మళ్ళీ నియమించింది. బీఆర్ఎస్ వస్తే వీళ్ళను ఉంచుతుందా, తీసేస్తుందా? ధరణిని తిరిగి తెస్తుందా? దీనికి సీబీఐ అడ్డు లేదు.

లెస్టర్_తెలుగువాడు:

ఇక్కడ బ్రిటన్‌లో ఇరవై ఏళ్ళుగా ఉంటున్నవాణ్ణి కాబట్టి ఒక సంగతి చెప్పవచ్చుననుకుంటాను. ఇక్కడి ప్రతిపక్షంలో ఛాయా మంత్రివర్గం ఉంటుంది. ఆర్థికానికి ఎవరు, ఆరోగ్యానికి ఎవరు అన్నది పేర్లతో సహా ఎన్నికలకు ముందే జనానికి తెలుసు. ఎన్నికలు దగ్గర పడ్డప్పుడు ప్రతిపక్ష నాయకులు ఆయా శాఖల ఉన్నతాధికారులతో మాట్లాడుకోవడానికి 1964 నుంచి ఒక సంప్రదాయమే ఉంది. పార్టీ కార్యక్రమాన్ని ఎలా అమలు చేయవచ్చో అధికారులు ముందుగానే సిద్ధం చేసుకోవడానికి అది పనికొస్తుంది. బీఆర్ఎస్‌లో కనీసం శాఖలవారీ ప్రతినిధులనైనా ప్రకటిస్తే మంజీరతీరం గారి ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది.

అలాగని ఇది అన్నింటికీ మందు కాదు. ఇంత ఏర్పాటూ ఉన్న లేబర్ పార్టీ 2024 జులైలో గెలిచిన కొద్ది వారాలకే ఖజానాలో 22 బిలియన్ పౌండ్ల లోటు బయటపడిందని చెప్పి, ముసలివాళ్ళకు చలికాలంలో ఇచ్చే ఇంధన భత్యాన్ని చాలామందికి ఆపేసింది. జనాగ్రహం చూసి మరుసటి ఏడాది ఆ నిర్ణయాన్ని చాలావరకు వెనక్కి తీసుకుంది.

దస్తావేజు:

లెస్టర్ మిత్రుడు చెప్పింది బాగుంది గానీ, మన శాసనసభలో ప్రతిపక్షం పాలన నేర్చుకోవడానికి, నేర్చుకున్నది చూపించడానికి ఉన్న అసలు వేదిక ప్రజాపద్దుల కమిటీ. కాగ్ నివేదికలు అక్కడికే వస్తాయి, శాఖాధికారులు అక్కడికే వచ్చి సమాధానం చెబుతారు. దాని అధ్యక్ష పదవి ప్రతిపక్షానికి ఇవ్వడం ఆనవాయితీ. 2024 సెప్టెంబరులో ఆ పదవిని, బీఆర్ఎస్ టికెట్టు మీద గెలిచి కాంగ్రెస్ పంచన చేరారని చెప్పుకునే అరెకపూడి గాంధీకి ఇచ్చారు. బీఆర్ఎస్ మండిపడింది, మండిపడటం సబబే. అయితే 2019లో ఏం జరిగిందో కూడా మనం గుర్తుచేసుకోవాలి. 2018 ఎన్నికల్లో 88 స్థానాలు గెలిచి ఎవరి మద్దతూ అవసరం లేకుండా నిలబడ్డ టీఆర్ఎస్ (బీఆర్ఎస్ అప్పటి పేరు), కాంగ్రెస్‌కు మిగిలిన 18 మంది ఎమ్మెల్యేల్లో 12 మందిని 2019 జూన్‌లో విలీనం పేరిట కలుపుకుంది. భట్టి విక్రమార్క ప్రతిపక్ష నాయకుడి హోదా పోయింది. ప్రజాపద్దుల కమిటీ అధ్యక్ష పదవి టీఆర్ఎస్‌తో స్నేహంగా ఉన్న మజ్లిస్ నాయకుడు అక్బరుద్దీన్ ఒవైసీకి వెళ్ళింది. అంతకుముందు 2014లో తెలుగుదేశం టికెట్టు మీద గెలిచిన తలసాని శ్రీనివాస్‌యాదవ్‌ను ఏకంగా మంత్రినే చేశారు.

ఈసారి బీఆర్ఎస్ నుంచి పదిమంది వెళ్ళారన్నది వివాదం. అందులో దానం నాగేందర్ కాంగ్రెస్ అభ్యర్థిగా సికింద్రాబాద్ లోక్‌సభకు పోటీ కూడా చేశారు. మాజీ ఉపముఖ్యమంత్రి కడియం శ్రీహరి, మాజీ స్పీకర్ పోచారం శ్రీనివాస్‌రెడ్డి పేర్లు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. స్పీకర్ మూడు నెలల్లో తేల్చాలని సుప్రీంకోర్టు 2025 జులై 31న ఆదేశించింది. ఆ కేసు నడిపించినందుకు బీఆర్ఎస్‌ను నేను మెచ్చుకుంటాను, ఎందుకంటే దాని ఫలితం రేపు అన్ని రాష్ట్రాల్లోనూ పనికొస్తుంది. కాని తాము మళ్ళీ వస్తే 2019 పని మళ్ళీ చేయబోమని ఆ పార్టీ తన నోటితో చెప్పాలి. ప్రతిపక్షాన్ని సభలో మిగలనిచ్చే ఉద్దేశం ఉందో లేదో తెలియకుండా పాలనా సన్నద్ధత గురించి మాట్లాడటం సగం మాటే.

సింగరేణి_వెలుగు:

2019లో జరిగింది ఫిరాయింపుల మీద రాజ్యాంగంలో ఉన్న పదో షెడ్యూలులోని మూడింట రెండు వంతుల నిబంధన ప్రకారం జరిగిన విలీనం. ఇప్పుడు జరుగుతున్నది 39 మందిలో పదిమందితో, ఆ సంఖ్యకు చాలా దూరంలో. రెండింటినీ ఒకే గాటన కట్టకండి.

దస్తావేజు:

చట్టం దృష్టిలో తేడా ఉన్నమాట నిజమే. కాని ఆ మూడింట రెండు వంతులు ఒకేరోజు పూర్తికాలేదు. ఒక్కొక్కరుగా వచ్చి నెలల తరబడి లెక్క నిండేదాకా ఆగారు. ఆ మధ్యకాలంలో వాళ్ళ స్థితి ఇప్పటి పదిమంది స్థితికంటే ఏమంత భిన్నం?

రుద్రమ:

ఇంతవరకు వచ్చిన మాటలన్నీ ముగ్గురి చుట్టూనే తిరగడం గమనించారా? కేసీఆర్, కేటీఆర్, హరీశ్‌రావు. ఒక రాష్ట్రాన్ని నడపడానికి పద్దెనిమిది మంది మంత్రులు కావాలి. మిగతా పదిహేను మంది ఎవరన్న ప్రశ్న మనకు కూడా తోచకపోవడమే ఆ పార్టీ నిర్మాణం ఎలాంటిదో చెబుతున్నది.

గతం చూద్దాం. 2014 నుంచి 2018 దాకా మంత్రివర్గంలో ఒక్క మహిళ కూడా లేరు. 2018 డిసెంబరు 13న రెండోసారి ప్రమాణం చేశాక 2019 ఫిబ్రవరి 19 వరకు, అంటే రెండు నెలలకు పైగా, తెలంగాణ మంత్రివర్గమంటే ముఖ్యమంత్రీ, హోంమంత్రి మహమూద్ అలీ. ఇద్దరే. ఫిబ్రవరి విస్తరణలో కూడా కేటీఆర్‌కు, హరీశ్‌రావుకు చోటు లేదు. సెప్టెంబరులో గానీ వాళ్ళు రాలేదు. సబితా ఇంద్రారెడ్డి, సత్యవతి రాథోడ్ మంత్రులైనదీ అప్పుడే. శాఖలన్నీ ఒక్కచోట ఉన్నా రాష్ట్రం ఆగిపోలేదని కొందరు సమర్థించారు. ఆగిపోకపోవడమే నన్ను భయపెట్టింది: మంత్రులు లేకపోయినా తేడా తెలియని ప్రభుత్వంలో మంత్రులు ఉన్నప్పుడు మాత్రం చేసినదేమిటి?

ఉద్యమకాలం నుంచి ఉన్న ఈటల రాజేందర్‌ను 2021 మేలో భూ ఆరోపణల మీద మంత్రివర్గం నుంచి తప్పించారు. ఆయన బీజేపీలో చేరి అదే ఏడాది హుజూరాబాద్ ఉపఎన్నికలో గెలిచారు. ఇప్పుడు కేసీఆర్ కుమార్తె కవిత. 2025 మేలో తండ్రికి ఆమె రాసిన లేఖ బయటికి పొక్కింది. అందులో ఎల్కతుర్తి ప్రసంగంలో బీజేపీని గట్టిగా విమర్శించలేదన్న ఫిర్యాదు కూడా ఉంది. కాళేశ్వరం విషయంలో హరీశ్‌రావు, సంతోష్‌రావుల మీద ఆమె బహిరంగంగా ఆరోపణలు చేయడంతో సెప్టెంబరు 2న పార్టీ ఆమెను సస్పెండ్ చేసింది. మరునాడే ఆమె పార్టీకీ, ఎమ్మెల్సీ పదవికీ రాజీనామా ప్రకటించారు. ఆ ఆరోపణల్లో నిజమెంతో నేను చెప్పబోవడం లేదు. నాకు ముఖ్యంగా తోచేది, అభిప్రాయభేదాన్ని కూర్చుని తేల్చుకునే చోటు పార్టీలో లేదన్నది. అధ్యక్షుడూ కేసీఆరే, సభాపక్ష నాయకుడూ కేసీఆరే, కాని రోజువారీ నాయకత్వం 2018 డిసెంబరు నుంచి కార్యనిర్వాహక అధ్యక్షుడిగా ఉన్న కేటీఆర్‌ది, సభలో భారం హరీశ్‌రావుది. గెలిస్తే ముఖ్యమంత్రి ఎవరన్నది అడిగితే ముగ్గురు కార్యకర్తలు మూడు రకాలుగా చెబుతారు.

కృష్ణలంక:

ఆంధ్రప్రదేశ్‌వాణ్ణి, ఈ చర్చలో వేలు పెట్టవచ్చో లేదో తెలియదు, కాని ఉమ్మడి రాష్ట్ర చరిత్ర మనందరిదీ కాబట్టి రెండు మాటలు. ఎన్టీఆర్ 1982 మార్చి 29న పార్టీ పెట్టి 1983 జనవరిలో 200కు పైగా స్థానాలతో గెలిచారు. అప్పటికి ఆయనకు గానీ, ఆయన శాసనసభ్యుల్లో చాలామందికి గానీ పరిపాలన ఓనమాలు తెలియవు. అయినా పటేల్, పట్వారీ, మునసబు, కరణాల వంశపారంపర్య వ్యవస్థను తీసేసింది, మండలాలు తెచ్చింది ఆ ప్రభుత్వమే. అదే ప్రభుత్వం 1984 ఆగస్టులో సొంత మంత్రి నాదెండ్ల భాస్కరరావు చేతిలో కూలి, నెల తర్వాత తిరిగి నిలబడిందన్నది కూడా నిజమే. మరో పక్క 1999 నుంచి 2004 దాకా వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రతిపక్ష నాయకుడిగా సభలో కూర్చున్నారు, 2003లో చేవెళ్ళ నుంచి ఇచ్ఛాపురం దాకా నడిచారు. ఉచిత విద్యుత్తు ఇస్తామంటే ఆ తీగలు బట్టలు ఆరేసుకోవడానికే పనికొస్తాయన్న ఎగతాళిని తట్టుకుని, 2004 మే 14న ప్రమాణం చేసిన వేదిక మీదే ఆ ఫైలు మీద తొలి సంతకం పెట్టారు. సభా, రోడ్డూ రెండూ వదలకుండా ఆయన చేసిన పని బీఆర్ఎస్ నాయకత్వంలో ఒక్కరు చేయడం లేదు, ఇద్దరు పంచుకుని చేస్తున్నారు. అది లోపమా, ఏర్పాటా అన్నది మీరే చెప్పాలి.

జమాఖర్చు:

డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు, ఆశ్చర్యమే. 2023 అక్టోబరు 15న బీఆర్ఎస్ విడుదల చేసిన మేనిఫెస్టోను ఒకసారి తిరిగి చూడండి: ఆసరా పింఛన్లను దశలవారీగా 5,016 రూపాయలకు, రైతుబంధును ఏడాదికి ఎకరానికి 16,000కు పెంచడం, 400 రూపాయలకే గ్యాస్ సిలిండరు, పేద మహిళలకు నెలకు 3,000 భృతి. కాంగ్రెస్ ఆరు గ్యారంటీలతో పోటీపడి రాసిన కాగితం అది. పార్టీ ఓడింది కాబట్టి లెక్క చెప్పాల్సిన అవసరం తప్పింది. గెలిచిన కాంగ్రెస్ 2023 డిసెంబరు 20న శ్వేతపత్రం పెట్టి మొత్తం అప్పులు 6.71 లక్షల కోట్లని చెప్పింది, దానికి జవాబుగా కేటీఆర్ స్వేదపత్రం పేరుతో ఆస్తుల లెక్క చెప్పి, కార్పొరేషన్లు తామే తీర్చుకునే అప్పులను కూడా కలిపి సంఖ్య ఉబ్బించారని వాదించారు. కాంగ్రెస్ ఇంత అప్పు ఉందని తెలియదనడం చెల్లదు, కాగ్ నివేదికలు అప్పటికే అందరికీ అందుబాటులో ఉన్నాయి. ఎకరానికి 15,000 అన్న రైతుభరోసా 2025 జనవరి 26 నుంచి 12,000 దగ్గర ఆగింది. మహిళలకు 2,500 మాట అలాగే ఉంది.

ఇప్పుడు బీఆర్ఎస్ ఇంటింటికీ కాంగ్రెస్ బాకీ కార్డు పంచుతున్నది. ఒక్కో మహిళకు ఇంత, ఒక్కో వృద్ధుడికి ఇంత బాకీ ఉన్నారని అందులో లెక్క. ప్రతిపక్షంగా అది చక్కని ఎత్తుగడ, నాకు నచ్చింది కూడా. కాని ఆ కార్డు వెనుకవైపు ఖాళీగా ఉంది. ఆ బాకీని తాము వచ్చాక తీరుస్తారా? తీరిస్తే ఏ ఆదాయంతో? భూములు అమ్మా? కంచ గచ్చిబౌలి 400 ఎకరాల మీద 2025 ఏప్రిల్‌లో బీఆర్ఎస్ చేసిన పోరాటాన్ని అందరూ చూశారు, సుప్రీంకోర్టు పనులు ఆపింది. అదే పార్టీ హయాంలో 2023లో కోకాపేటలో ఎకరం 100 కోట్లు దాటి అమ్ముడుపోయింది. ఔటర్ రింగు రోడ్డును ముప్పై ఏళ్ళకు 7,380 కోట్లకు లీజుకిచ్చారు. భూమి అమ్మడం తప్పని ఇప్పుడు అనుకుంటున్నారా, ఈ భూమి అమ్మడం మాత్రమే తప్పా? రెండో జవాబైనా ఫరవాలేదు, కాని చెప్పాలి. ఖజానా మీద ముందే మాట ఇచ్చే పార్టీకి, వచ్చిన మొదటి వారం చేయగల పనీ, మూడేళ్ళకు చేయగల పనీ వేరుచేసి చూపించే ధైర్యం ఉంటే నేను దాన్ని సిద్ధంగా ఉన్నదంటాను. ఆ కొలతతో చూస్తే ఇవాళ తెలంగాణలో ఏ పార్టీ కూడా నిలవదు. బీజేపీ గురించి అడగకండి, దారం తెగిపోతుంది.

పాలమూరు_పాఠకుడు:

జమాఖర్చు గారి మాటకు కొనసాగింపుగా ఉద్యోగాల సంగతి. 2022లో 503 పోస్టులకు గ్రూప్-1 ప్రకటన వచ్చింది. ప్రశ్నపత్రం లీకైనందున ప్రిలిమ్స్ ఒకసారి రద్దయింది, బయోమెట్రిక్ తీసుకోనందున రెండోసారి హైకోర్టు రద్దు చేసింది. ఊళ్ళలో కోచింగులకు అప్పులు చేసిన కుటుంబాలు దాన్ని మరిచిపోలేదు. కాంగ్రెస్ వచ్చి 563 పోస్టులతో మళ్ళీ ప్రకటించింది, దాని ఫలితాల మీద కూడా 2025లో హైకోర్టులో పేచీ నడిచింది. బీఆర్ఎస్ నాయకులు ఈ రెండో పేచీ మీద గట్టిగా మాట్లాడుతున్నారు. పబ్లిక్ సర్వీస్ కమిషన్‌ను ఈసారి ఎలా నడుపుతారో, సభ్యులను ఏ ప్రాతిపదికన నియమిస్తారో మాత్రం వాళ్ళ నోట వినాలని ఉంది.

సింగరేణి_వెలుగు:

ఇందరి మాటలు చదివాక నా వాదన నుంచి నేను కదల్లేదు గానీ, దాని సరిహద్దు ఎక్కడుందో చెబుతాను. పని చేయించడం ఈ నాయకత్వానికి వచ్చు. అధికారుల చేత గడువులోపు పని పూర్తి చేయించడంలో కేటీఆర్, హరీశ్‌రావులకు సాటివచ్చేవాళ్ళు ఇప్పటి ప్రభుత్వంలో నాకు కనబడరు. లగచర్లలో 2024 నవంబరులో రైతులు అరెస్టయినప్పుడు మొదట అక్కడికి చేరిందీ, ఢిల్లీ దాకా గొంతు వినిపించిందీ ఈ పార్టీయే. ఆ భూసేకరణ ప్రకటనను ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. లోక్‌సభలో 17 స్థానాల్లో ఒక్కటీ రాకపోయినా, కంటోన్మెంట్, జూబ్లీహిల్స్ రెండు సిట్టింగు స్థానాలూ పోయినా, పార్టీ ఇంకా నిలబడి ఉందంటే అది పట్టుదల వల్లే. రుద్రమ గారు అడిగిన పదిహేను మంది ప్రశ్నకు మాత్రం నా దగ్గర పేర్లు లేవు. శాఖలవారీగా ప్రతినిధులను ప్రకటించాలన్న లెస్టర్ మిత్రుడి సూచనను నేను తెలిసినవాళ్ళ ద్వారా పైకి పంపుతాను.

మంజీరతీరం:

కృష్ణలంక గారు అడిగిన ‘లోపమా, ఏర్పాటా’ అన్నదానికి నా జవాబు: ఏర్పాటే అయితే దాన్ని కాగితం మీద పెట్టాలి. కేసీఆర్ ఆరోగ్యం, వయసు, ఇష్టం ఏదైనా కారణం కావచ్చు. ఆయన పార్టీ అధ్యక్షుడిగా ఉండి సలహా ఇస్తూ, సభలో ప్రతిపక్ష నాయకత్వాన్ని మరొకరికి అప్పగించడంలో అవమానమేమీ లేదు. మంత్రి హోదాతో, కార్యాలయంతో, సిబ్బందితో ప్రజల సొమ్ముతో నడిచే పదవి అది. శాఖల నుంచి సమాచారం అడిగి తెప్పించుకునే బలం దానికుంటుంది. హరీశ్‌రావుకిస్తే కేటీఆర్ వర్గం, కేటీఆర్‌కిస్తే హరీశ్‌రావు వర్గం నొచ్చుకుంటాయన్న జంకు తప్ప దీనికి వేరే అడ్డంకి నాకు కనిపించదు. ఆ జంకును ఇప్పుడు దాటలేని నాయకత్వం రేపు మంత్రివర్గ కూర్పు దగ్గర కూడా దాటలేదు. 2018 డిసెంబరు తర్వాతి ఆ రెండు నెలలు ఎలా నడిచాయో రుద్రమ గారు చెప్పనే చెప్పారు.

దస్తావేజు:

ఆ మార్పుకు చట్టసవరణ అక్కరలేదు, ప్రజల ముందుకు ఎన్నికకు వెళ్ళనూ అక్కరలేదు. శాసనసభాపక్షం సమావేశమై కొత్త నాయకుణ్ణి ఎన్నుకుని స్పీకర్‌కు ఒక లేఖ ఇస్తే చాలు. వచ్చే సమావేశాలు మొదలయ్యేలోగా జరగగలిగే పని.